అబెలార్, ఎలొయీజ్‌ల గురించి పెదనాన్నగారికి ఉత్తరం

పారిస్.

పూజ్యులైన పెదనాన్నగారికి నమస్కారములు.

ఇక్కడ మేమందరం క్షేమం. మీ మోకాళ్ల నొప్పి కాస్త తగ్గుముఖం పట్టిందని నాన్నగారు ఫోనులో చెబితే సంతోషించాను. పెర్ లాషేజ్ శ్మశానవాటికలోని అబెలార్, ఎలొయీజ్‌ల సమాధి ఫోటో పంపినప్పుడు, ఒక తార్కికుడి సమాధి మీద ప్రేమికులు పూలు పెట్టడమేమిటో తీరుబడిగా రాయమన్నారు. ఫోనులో తెమిలే విషయం కాదు కనుక ఇలా రాస్తున్నాను.

పియెర్ అబెలార్ 1079లో బ్రిటనీ ప్రాంతంలో, నాంత్ నగరానికి సమీపంలోని ల పాలే అనే ఊరిలో పుట్టాడు. తండ్రి కత్తి పట్టిన యోధుడు. పెద్ద కొడుకుగా తనకు సంక్రమించవలసిన ఆస్తిని, హోదాను తమ్ముళ్లకు విడిచిపెట్టి, యుద్ధంలో గెలుపు కన్నా వాదంలో గెలుపే ఇష్టమని చదువు కోసం ఊళ్లు పట్టుకు తిరిగానని అతనే తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. 1100 ప్రాంతంలో పారిస్ చేరి, నోత్ర్ దామ్ ప్రధాన చర్చి పాఠశాలలో గియోం ద షాంపో అనే ఆచార్యుడి దగ్గర శిష్యుడిగా కుదిరాడు. కొద్దికాలంలోనే గురువుతో వాదానికి దిగాడు, ఆ తరువాత మెలన్‌లో, కొర్బేలో సొంత పాఠశాలలు పెట్టాడు, చివరికి గురువు చేత ఆయన సిద్ధాంతాన్నే మార్పించాడు.

ఆ వాదం మీకు కొత్తదేమీ కాదు. తర్కసంగ్రహంలో మన తెలుగువాడైన అన్నంభట్టు 'నిత్యమేకమనేకానుగతం సామాన్యమ్', అంటే నిత్యమై, ఒక్కటై, అనేక వ్యక్తులలో ఉండేదే జాతి అని చెప్పిన లక్షణాన్ని చిన్నప్పుడు మీరే నా చేత వల్లె వేయించారు. గియోం చెప్పినది దానికి దగ్గరి చుట్టమే: సోక్రటీసులోనూ ప్లేటోలోనూ ఉన్న మనుష్య సారం పూర్తిగా ఒక్కటే, వాళ్ల మధ్య భేదమంతా పైపై ధర్మాలదే అని. దాని మీద అబెలార్ వేసిన ఆక్షేపణ ఇది: అదే లెక్కన మనిషిలోనూ గాడిదలోనూ ఉన్న జంతు సారం కూడా ఒక్కటే కావాలి, అప్పుడు ఆ ఒకే వస్తువు ఇక్కడ వివేకం కలదిగానూ అక్కడ వివేకం లేనిదిగానూ ఏకకాలంలో ఉన్నట్టు ఒప్పుకోవలసి వస్తుంది. గియోం తన సిద్ధాంతాన్ని సవరించుకున్నాడు. సవరించుకున్నాడన్న మాట పొక్కడంతో ఆయన పాఠాల మీద శిష్యులకు గురి పోయింది. అబెలార్ పక్షంలో లోకంలో ఉన్నవన్నీ వ్యక్తులే. అనేకానికి అన్వయించడమనేది పదానికుండే శక్తి తప్ప వస్తువుకుండే ధర్మం కాదు. సోక్రటీసు, ప్లేటో మనుషులై ఉండటంలో కలుస్తారు గానీ, ఆ 'మనిషై ఉండటం' వారిద్దరితో పాటు లెక్కపెట్టదగిన మూడో వస్తువు కాదు. లోకంలో గులాబీలన్నీ నశించిపోయినా 'గులాబీ లేదు' అన్న మాటకు అర్థం ఉంటుంది కదా అన్నది అతని ప్రసిద్ధమైన ఉదాహరణ. జాతిని పదార్థాల్లో లెక్కించే నైయాయికులకు ఇది రుచించదు, పదం చేసేది ఇతరాన్ని తోసిపుచ్చడమే తప్ప జాతి అనే వస్తువు లేదనే బౌద్ధుల అపోహవాదం వైపు మొగ్గినట్టే కనిపిస్తుంది. మీరు అన్నంభట్టు పక్షమే పట్టుకుంటారని తెలిసే రాస్తున్నాను.

వాద, జల్ప, వితండాలలో ఇతనిది ఏదని మీరు అడుగుతారు. నా అభిప్రాయంలో యౌవనమంతా జల్పమే, సత్యం కోసం చేసే వాదం కాదు, గెలుపు కోసం చేసేది. వేదాంత విద్య కోసం లాన్ నగరంలో ఆన్సెల్మ్ అనే వృద్ధాచార్యుడి దగ్గరకు వెళ్లి, ఆయన ఆకులు గుబురుగా ఉండి కాయ కాయని చెట్టు అని వెక్కిరించి, ఎజెకియేలు ప్రవచనంలోని కఠినమైన ఘట్టం మీద తానే వ్యాఖ్యానం చెప్పి, అక్కడా వెళ్లగొట్టించుకుని వచ్చాడు. నోత్ర్ దామ్‌లో ఆచార్య పీఠం దక్కేసరికి కీర్తి, ధనం, దేశదేశాల శిష్యులు అన్నీ సమకూరాయి. భూమి మీద తత్త్వవేత్తనంటూ మిగిలింది తానొక్కడినేనని అప్పట్లో అనుకున్నానని తరువాత తానే ఒప్పుకున్నాడు.

ఆ దశలో, 1116 ప్రాంతంలో, అదే చర్చిలో పదవిలో ఉన్న ఫుల్బేర్ అనే మతాధికారి ఇంట అతని మేనకోడలు ఎలొయీజ్ ఉండేది. స్త్రీలకు అక్షరాలే అరుదైన రోజుల్లో పాండిత్యం వల్ల ఆమె పేరు ఫ్రాన్సు దేశమంతా తెలుసు. అబెలార్ ఆమెను చూసి వలచాడనడం కన్నా గురిపెట్టి ఎంచుకున్నాడనడం నిజం. ఆ మాట దాచకుండా రాసుకున్నాడు. ఇల్లు చూసుకునే తీరిక లేదనే సాకుతో ఫుల్బేర్ ఇంట్లోనే అద్దెకు దిగాడు. మేనకోడలి చదువు మీద ఆశతో, పాఠం చెప్పడానికి రాత్రనక పగలనక సమయమిచ్చి, అవసరమైతే దండించే అధికారం కూడా ఆ అమాయకుడు అతని చేతిలో పెట్టాడు. ఆకలిగొన్న తోడేలుకు గొర్రెపిల్లను అప్పగించినట్టు అన్నది అబెలార్ మాటే. ఆ తరువాత తరగతిలో పాత పాఠాలే వల్లించాడు, కొత్తగా రాసినవల్లా ప్రేమగీతాలే, వాటిని ఊరంతా పాడుకుంది. సేన్ నది ఒడ్డున ఆ ఇల్లు ఉండేదన్న చోట ఇప్పుడు 1849లో తిరిగి కట్టిన భవనం ఉంది. గోడ మీద ఇద్దరి ముఖాలూ చెక్కి ఉంటాయి, పర్యాటకులు ఫోటోలు తీసుకుంటూ ఉంటారు.

ఆమె గర్భవతి కాగా సన్న్యాసిని వేషంలో బ్రిటనీలోని తన అక్కచెల్లెలి ఇంటికి పంపాడు. కొడుకు పుట్టాడు, వాడికి ఆస్త్రలాబ్ అని, నక్షత్రాల ఎత్తు కొలిచే యంత్రం పేరు పెట్టారు. ఫుల్బేర్‌ను శాంతింపజేయడానికి, రహస్యంగా ఉంచే షరతు మీద, పెళ్లికి అబెలార్ సిద్ధపడితే వద్దన్నది ఎలొయీజ్. ఊయల పక్కన గ్రంథరచన సాగదని, తత్త్వవేత్తను ఒక ఆడది తన సొత్తుగా చేసుకోకూడదని, దాచిన పెళ్లి ఎవరినీ శాంతింపజేయదని శాస్త్రప్రమాణాలతో వాదించింది. వాదంలో ఎవరికీ లొంగనివాడు ఈ ఒక్క చోట వాదం వినకుండా అధికారం వాడాడు, పెళ్లి జరిగింది. ఫుల్బేర్ మాట తప్పి పెళ్లి సంగతి చాటాడు. ఆమె అబద్ధమని ఒట్టు వేసింది. అబెలార్ ఆమెను అర్జాంతై మఠానికి తరలించాడు. భార్యను వదిలించుకుంటున్నాడని అనుకున్న ఆమె బంధువులు సేవకుడికి లంచమిచ్చి, రాత్రి నిద్రలో ఉన్నవాడి పుంస్త్వాన్ని కోసివేశారు. దొరికిన ఇద్దరికి అదే శిక్ష వేసి, కళ్లు కూడా తీయించారు. అతను సేన్ దెనీ మఠంలో సన్న్యసించాడు. తనకంటే ముందు ఆమె చేత సన్న్యాసినుల ముసుగు వేయించాడు, ఈ ఒక్క విషయం ఆమె ఎన్నటికీ మరవలేదు.

సమాధి మీద పూలు పెట్టేవారికి ఇంతవరకే తెలుసు. నేను మీకు చెప్పాలనుకున్నది ఇక్కడి నుంచి మొదలవుతుంది.

తరువాతి సంగతులు క్లుప్తంగా చెబుతాను. 1121లో స్వాసోన్‌లో చేరిన మతాధికారుల సభ త్రిత్వం మీద అతను రాసిన గ్రంథాన్ని అతని చేతులతోనే మంటలో వేయించింది. షాంపేన్ ప్రాంతంలో నిర్జనమైన చోట చిన్న ప్రార్థనాలయం కట్టుకుంటే శిష్యులు వెతుక్కుంటూ వచ్చి రెల్లు గుడిసెలు వేసుకున్నారు. దానికి పారాక్లేట్ అని పేరు పెట్టాడు. చర్చి పెద్దల వాక్యాలను 158 ప్రశ్నల కింద పరస్పర విరుద్ధంగా చేర్చి, సమాధానం చెప్పకుండా విడిచిపెట్టిన గ్రంథం కూడా ఉంది. సిద్ధాంతం లేని పూర్వపక్షమన్నమాట. సందేహం వల్ల విచారణకు, విచారణ వల్ల సత్యానికి చేరతామని దాని పీఠికలో అన్నాడు. బ్రిటనీలో ఒక మఠానికి అధిపతిగా వెళితే అక్కడి సన్న్యాసులు పూజాపాత్రలో విషం కలిపారు. 1129లో అర్జాంతై నుంచి ఎలొయీజ్‌ను, తోటి సన్న్యాసినులను వెళ్లగొట్టగా పారాక్లేట్‌ను వారికి ఇచ్చాడు. ఆమె అక్కడ మఠాధిపతి అయింది.

1132 ప్రాంతంలో అబెలార్ ఒక మిత్రుడిని ఓదార్చే నెపంతో తన కష్టాల కథ రాశాడు. అది ఎలొయీజ్ చేతికి వచ్చింది. మిత్రుడికి ఇంత రాసినవాడు తనకు ఒక్క ఓదార్పు లేఖ రాయలేదన్న ఫిర్యాదుతో ఆమె ఉత్తరం మొదలవుతుంది. లోకమేలే చక్రవర్తి వచ్చి పెళ్లాడతానన్నా అతని పట్టపురాణి కావడం కన్నా నీ ఉంపుడుగత్తె అనిపించుకోవడమే నాకు గౌరవమని ఆ ఉత్తరంలోనే రాసింది. అందరూ ఎత్తి చూపే మాట అదే. నన్ను ఆపినది మరొక చోటు. నేను పెద్ద నేరస్తురాలిని, కానీ నీకు తెలుసు, ఏ పాపమూ ఎరుగనిదాన్ని కూడా; నేరం చేసిన పనిలో ఉండదు, చేసినవారి ఉద్దేశంలో ఉంటుంది; నా మనసు నీ పట్ల ఎలా ఉన్నదో చెప్పగలిగినవాడివి నువ్వొక్కడివే, నువ్వే విచారించు, అంటుంది.

ఆ తరువాత కొన్నేళ్లకు అబెలార్ నీతిశాస్త్రం మీద రాసిన గ్రంథానికి ప్రాణం ఈ మాటే. కోరిక పాపం కాదు, అది స్వభావం. పని కూడా పాపాన్ని పెంచదు. కూడదని తెలిసి మనసు ఇచ్చే సమ్మతి ఒక్కటే దైవధిక్కారం, పాపం. బిడ్డకు కప్పడానికి గుడ్డలేని నిరుపేద తల్లి చలికి ఒడిలోకి పొదువుకుని, నిద్ర ముంచుకొచ్చి, తెలియకుండా బిడ్డను ఊపిరాడనీయక చంపుకుంటుంది. ఆమెకు బిషప్ కఠినమైన శిక్ష వేస్తాడు, ఆమె దోషి అని కాదు, తక్కిన తల్లులు జాగ్రత్తపడాలని. అబద్ధపు సాక్షులను ఖండించలేక నిర్దోషి అని తెలిసినవాడిని కూడా శిక్షించవలసి వచ్చే న్యాయాధిపతి ఉంటాడు. మనుషులు పనిని చూసి శిక్షిస్తారు, లోపలి సంగతి దేవుడొక్కడే తూచగలడు. క్రీస్తును శిలువ వేసినవారు అది ధర్మమని నిజంగా నమ్మి చేసి ఉంటే, అంతరాత్మకు విరుద్ధంగా ఆయనను విడిచిపెట్టడమే వారికి పెద్ద దోషమయ్యేదని కూడా అన్నాడు. పన్నెండో శతాబ్దంలో ఈ మాట అనడానికి ఎంత గుండె కావాలో మీరు ఊహించగలరు. క్లేర్వో మఠాధిపతి బెర్నార్ మోపిన అభియోగాల్లో ఇదీ ఒకటి.

ఎలొయీజ్ ఆ సూత్రాన్ని అతని దగ్గరే నేర్చి ఉండవచ్చు. కానీ ఉదాహరణల్లో కాకుండా తన బతుకు మీద ప్రయోగించినది ఆమె. పూజ జరుగుతున్న సమయంలో కూడా పాత సుఖాలే కళ్ల ముందు మెదులుతున్నాయి, పోయిన వాటికి ఏడుస్తున్నానే తప్ప చేసిన వాటికి కాదు, లోకం నన్ను పవిత్రురాలినంటోంది, నా కపటం దానికి తెలియదు, అని రెండో ఉత్తరంలో రాసింది. మనసు వదలని పాపానికి పశ్చాత్తాపమెక్కడిదని ప్రశ్నించింది. పని లెక్కకు రాదన్న సిద్ధాంతానికి రెండు వైపులా పదునుందని, అది బయటి పాపంతో పాటు బయటి పుణ్యాన్ని కూడా కొట్టివేస్తుందని ఆమె చూపించింది. అంతకు ముందు మొదటి ఉత్తరంలోనే ఆ పదునును అతని వైపు తిప్పింది: నిన్ను నాకు కట్టిపడేసినది కామమే, స్నేహం కాదు, అది ఆరగానే మిగతా మర్యాదలన్నీ ఆరిపోయాయని అందరూ అనుకుంటున్నారు.

అతను ఇచ్చిన జవాబు నాకు మింగుడుపడదు. అవును, అది ప్రేమ కాదు, కామమేనని ఒప్పుకున్నాడు. పర్వదినాల్లో కూడా, ఆమె వద్దని అడ్డుపడినప్పుడు బెదిరించి, కొట్టి ఒప్పించానని కూడా రాశాడు. దీన్ని దేవుడి దయకు నిదర్శనంగా, ఆమె మనసు మళ్లించే ఉద్దేశంతో రాశాడని పండితులు సమర్థించవచ్చు. సమ్మతిలోనే పాపపుణ్యాలున్నాయని లోకానికి చెప్పినవాడు ఒక స్త్రీ సమ్మతిని దెబ్బలతో రాబట్టానని రాసి, ఆ రెండింటినీ ఎక్కడా కలిపి చూడకపోవడాన్ని మాత్రం నేను సమర్థించలేను. ఇకపై ఆ సంగతులు ఎత్తనని ఆమె మూడో ఉత్తరంలో మాట ఇచ్చి, మాటకు నిలబడి, సన్న్యాసినులకు తగిన నియమావళి అడిగింది. బెనడిక్ట్ నియమాలన్నీ మగవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవని, ఆడవాళ్ల నెలసరి శరీరానికి ఆ ఉన్ని బట్టలెలా కుదురుతాయని సూటిగా అడిగింది. అతను నియమావళితో పాటు ఆ మఠానికి స్తోత్రాలు కూడా రాసిచ్చాడు. ఆమె పంపిన 42 శాస్త్రసందేహాలకు సమాధానాలు రాశాడు. వాళ్లిద్దరి మధ్య వాదం అనదగినది అప్పటికి గానీ సాధ్యం కాలేదు.

సాన్స్ నగరంలో జరిగిన మతాధికారుల సభలో బెర్నార్‌తో వాదానికి వెళ్లి, అక్కడ వాదం కాదు, తీర్పు సిద్ధంగా ఉందని గ్రహించి, పోప్‌కు విన్నవించుకుంటానని బయటకు వచ్చాడు. పోప్ మౌనశిక్ష విధించాడు. రోమ్ వెళ్లే దారిలో క్లూనీ మఠాధిపతి పియెర్ ఆశ్రయమిచ్చి, బెర్నార్‌తో సఖ్యత కుదిర్చాడు. ఖురాన్‌ను మొదటిసారి లాటిన్‌లోకి అనువదింపజేసినది ఈయనే. అబెలార్ 1142 ఏప్రిల్ 21న షాలోన్ దగ్గరి సేన్ మార్సెల్ మఠంలో పోయాడు. పియెర్ అతని శరీరాన్ని పారాక్లేట్‌కు చేర్పించాడు. ఎలొయీజ్ ఆయనను అడిగినవాటిలో ముఖ్యమైనవి రెండు: భర్తకు పాపవిమోచన పత్రం, కొడుకు ఆస్త్రలాబ్‌కు ఏదైనా చర్చిలో జీవనాధారం. ఆమె మరో ఇరవై ఏళ్లు పైబడి బతికి, ఆ మఠాన్ని పెంచి పెద్దది చేసింది. ఇద్దరి అవశేషాలూ పెర్ లాషేజ్‌కు వచ్చినది 1817లో.

ఒక్క సందేహం మీరే తీర్చాలి. మనుస్మృతిలో తెలియక చేసిన పాపానికీ ప్రాయశ్చిత్తం ఉంది, తెలిసి చేసినదానికి దాని స్థాయి వేరు. అబెలార్ చెప్పిన నిరుపేద తల్లి మన ధర్మశాస్త్రజ్ఞుల ముందుకు వస్తే, ఆమెకు విధించే ప్రాయశ్చిత్తం దోషం పోవడానికా, లోకం కోసమా? వీలు చూసుకుని, ఫోనులో కాకుండా కాగితం మీదే జవాబు రాయగలరు.

పెద్దమ్మకు నా నమస్కారాలు.

ఇట్లు,
మీ అమ్మాయి