ఇంటేక్ మానిఫోల్డ్ కుదిరింది: ఇద్దరు పెద్దవాళ్లకు నా కృతజ్ఞతలు

పోయిన శనివారం పొద్దున్నే, ఇక్కడ టెక్సాస్‌లో మా ఊరి చిన్న ఎయిర్‌పోర్ట్ నుంచి నా చేతులతో కట్టుకున్న విమానం మొదటిసారి గాల్లోకి లేచింది. ఏడేళ్ల పని. ఇంజిన్ ఆర్ఎక్స్-7 కారులోని మాజ్డా 13బి రోటరీ, అంటే పిస్టన్ల బదులు లోపల రోటార్లు తిరిగే రకం. ఆ ఏడేళ్లలో చివరి ఏడాదిన్నర ఒక్క ఇంటేక్ మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలిని తీసుకెళ్లే గొట్టాలు) దగ్గరే ఆగిపోయాను. నన్ను గట్టెక్కించిన ఇద్దరి గురించి నలుగురికీ చెప్పాలని ఇది రాస్తున్నాను.

ఒకరు మా పక్క హ్యాంగర్ (విమానాల షెడ్డు) పెద్దాయన. నేను మొదట చేసింది కౌలింగ్‌లో (ఇంజిన్ మీద కప్పే మూతలో) పట్టే పొట్టి గొట్టాలు, చివర ఒక డబ్బా. ఇంజిన్ నడిచేది కానీ ఫుల్ థ్రాటిల్‌లో 5,400 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దాటేది కాదు. ఆయన నేల మీద చాక్‌పీసుతో రెండు రోటార్లు గీసి కూర్చోబెట్టి చెప్పారు. ఒక రోటార్ పోర్ట్ (గాలి లోపలికి వెళ్లే రంధ్రం) తెరుచుకోగానే లోపల మిగిలిన ఎగ్జాస్ట్ ఒత్తిడి అలలా గొట్టంలోకి తన్నుకొస్తుంది. రెండో రోటార్ పోర్ట్ మూసుకోబోయే సమయానికి ఆ అల అక్కడికి చేరితే, ఇంకాస్త గాలిని లోపలికి నెడుతుంది. మాజ్డా వాళ్లు 1980ల్లోనే కార్లలో వాడిన కిటుకు ఇదే.

నా ఇంజిన్ టైమింగ్‌లో ఒక పోర్ట్ తెరుచుకోవడం నుంచి రెండోది మూసుకోవడం దాకా ఆ వ్యవధి, ఇంజిన్ షాఫ్ట్ తిరుగుడులో దాదాపు 110 డిగ్రీలు. 6,000 ఆర్‌పీఎం దగ్గర అది 3 మిల్లీసెకన్లు. ఆలోపు శబ్దం మీటరు పైనే వెళ్తుంది, అంటే పోర్ట్ నుంచి పోర్ట్‌కి దారి అంత ఉండాలి. నాది 60 సెంటీమీటర్లే! "కారుకైతే అన్ని స్పీడ్లూ చూసుకోవాలి, నీకు టేకాఫ్ స్పీడ్ ఒక్కటి కుదిరితే చాలు" అన్నారాయన. ఆ మాటతో నా టెన్షన్ సగం తగ్గింది. గొట్టాలు ఇంజిన్ పైనుంచి తిప్పి మళ్లీ గీశాను.

రెండోవారు నా ఫ్రెండ్ వాళ్ల నాన్నగారు. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లేత్ మీద పనిచేసి, కొడుకును చూడ్డానికి వచ్చారు. కొత్త మానిఫోల్డ్ వెల్డింగ్ వేడికి అల్యూమినియం ఫ్లాంజ్ (ఇంజిన్‌కి బోల్టులతో బిగించే అంచు పలక) వంగిపోయి గాలి లీకయ్యేది, ఐడిల్ (థ్రాటిల్ ఇవ్వనప్పటి నెమ్మది స్పీడు) అసలు నిలబడేది కాదు. బాబాయ్ గారు ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచటి రేకులు) పెట్టి చూస్తే 0.3 మిల్లీమీటర్ల సందు.

"విడిగా వెల్డింగ్ చేస్తే వంగక ఏం చేస్తుంది బాబూ? ముందు దేనికైనా బిగించాలి."

కొత్త ఫ్లాంజ్‌ని పాత ఇంజిన్ హౌసింగ్‌కి బోల్టులతో బిగించి, ఇటు కొంచెం అటు కొంచెం వెల్డింగ్ చేయించారు. పూర్తిగా చల్లారేదాకా బోల్టు ముట్టుకోనివ్వలేదు. తర్వాత ఎత్తుపల్లాలు తెలియడానికి నీలం రంగు పూసి, ఎత్తుగా ఉండి రంగు అంటిన చోటల్లా ఆకురాయితో రెండు రోజులు రాశారు. డబ్బుల మాటెత్తితే కోప్పడ్డారు.

ఇప్పుడు అదే ప్రొపెల్లర్‌తో నేల మీదే 5,900 వస్తోంది. పెద్దాయనకు తెలుగు రాదు, ఈ పోస్టు రేపు హ్యాంగర్‌లో చదివి అర్థం చెబుతాను. బాబాయ్ గారూ, వీడియో పంపాను, సౌండ్ పెట్టుకుని చూడండి.

డ్రాయింగ్ కావాల్సినవాళ్లు అడగండి, ఇస్తాను. గొట్టాల పొడవు మాత్రం మీ పోర్ట్ టైమింగ్‌ని బట్టి మార్చుకోండి.