సీసా మీది పేరు గురించి

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు మన్నించు. ఇక్కడ అందరమూ క్షేమం. నాన్నగారి మోకాలి నొప్పి తగ్గింది, అమ్మాయి తొమ్మిదో తరగతికి వచ్చింది. తక్కిన కబుర్లు తర్వాత. మీ అమ్మగారి పేరుతో ఆవకాయ వ్యాపారం మొదలుపెడుతున్నానని, లేబుళ్ళు అచ్చుకు ఇచ్చేశానని నీవు రాసినది చదివినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. ఆ పేరును ట్రేడ్‌మార్కుగా రిజిస్టరు చేయించావా? తెనాలిలో మా పిన్నికి జరిగినది వింటే ఎందుకు అడుగుతున్నానో నీకే తెలుస్తుంది.

పిన్ని కారప్పొడులు నీకు కొత్త కావు. హాస్టల్లో నా ట్రంకుపెట్టె తాళం ఎవరు తీసేవారో మనిద్దరికే తెలుసు. ఆ పొడులనే ఆమె ఏళ్ళ తరబడి ఒకే పేరుతో, పసుపు లేబులు మీద ఎర్ర అక్షరాలతో అమ్ముతోంది. సంక్రాంతి వెళ్ళిన తర్వాత ఆమెకు ఒక లాయరు నోటీసు వచ్చింది. వేరే ఊరి వ్యాపారి ఒకరు అదే పేరును 30వ క్లాసులో, అంటే ట్రేడ్‌మార్కుల కోసం సరుకులను రకాలవారీగా విడదీసిన పట్టికలో మసాలాలూ పొడులూ వచ్చే విభాగంలో, రిజిస్టరు చేయించుకున్నారట, ఇకమీదట పిన్ని ఆ పేరు వాడకూడదట! ఆ పొట్లం తెప్పించి చూశాము. అదే పసుపు, అవే ఎర్ర అక్షరాలు. మా అచ్చాఫీసువాళ్ళ చేతిలో "కరివేపాకు"లో దొర్లిన అచ్చుతప్పు కూడా అక్షరం పొల్లుపోకుండా దాని మీద ఉంది.

"నాకు జీఎస్‌టీ ఉంది, ఆహార భద్రత లైసెన్సు ఉంది, నా పేరు ఇంకొకరిది ఎలా అవుతుంది?" అని పిన్ని లాయరుగారిని అడిగింది. అవి వ్యాపారం చేసుకోవడానికి ఇచ్చిన అనుమతులే గాని, పేరు మీద హక్కు ఇచ్చే పత్రాలు కావని ఆయన ఓపికగా చెప్పారు. అవతలివారి దరఖాస్తు, అలాంటి దరఖాస్తులను అందరికీ తెలియజేసే ప్రభుత్వ పత్రిక అయిన ట్రేడ్‌మార్కుల జర్నల్లో అచ్చయింది, అభ్యంతరం చెప్పడానికి చట్టం ఇచ్చిన నాలుగు నెలల గడువూ గడిచిపోయింది. కారం దంపించుకునే మనిషి ఆ జర్నలు ఎక్కడ చూస్తుంది చెప్పు!

దారి పూర్తిగా మూసుకుపోలేదు. 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టంలోని 34వ సెక్షను ముందునుంచి వాడుతున్నవారిని కాపాడుతుంది. తిరునల్వేలిలోని ఇరుట్టుకడై హల్వా దుకాణం పేరు మీద నడిచిన కేసులో 2015లో సుప్రీంకోర్టు కూడా ముందు వాడుకదారు హక్కే రిజిస్ట్రేషను కంటే మిన్న అని చెప్పింది. అయితే ముందునుంచి వాడుతున్నామని రుజువు చేయవలసిన భారం మనదే, పిన్ని ఏనాడూ బిల్లులు దాచలేదు. పాత బీరువా ముందు కూర్చుని అచ్చాఫీసు రసీదులూ, బస్సు పార్సిలు చీటీలూ ఏరుకుంటున్న ఆమెను చూస్తే నాకు కోపమూ దుఃఖమూ ఒక్కసారే వచ్చాయి. పేరు రిజిస్టరయి ఉంటే ఆ సర్టిఫికెట్టే ప్రాథమిక సాక్ష్యమయ్యేది, ఆ పేరును కాజేసిన వారి మీద మన జిల్లా కోర్టులోనే దావా వేయగలిగేవాళ్ళం. రిజిస్టరు కాని పేరుకు, మన ట్రేడ్‌మార్కు హక్కును అతిక్రమించారనే ఉల్లంఘన దావా వేసే వీలే లేదు. మన సరుకు పేరు చెప్పి తమ సరుకు అమ్ముకుంటున్నారని వేరే రకం దావా వేసి, మన పేరుకున్న పరపతిని కూడా నిరూపించాలి. పైగా ఇప్పుడు వాళ్ళ రిజిస్ట్రేషనునే రద్దు చేయించాలి...

అందుకని నీవు వెంటనే అచ్చాఫీసుకు ఫోను చేసి లేబుళ్ళు ఆపించు. ముందుగా ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రీ వెబ్‌సైటులో ఆ పేరు గాని, వినడానికి దానిలా ఉండేది గాని ఎవరికైనా ఉందేమో వెతుకు. దానికి డబ్బు కట్టనక్కరలేదు. "గోదావరి ఆవకాయ" వంటి పేరైతే సరుకునూ ప్రాంతాన్నీ చెప్పేదే కాబట్టి అభ్యంతరం వస్తుంది. మీ అమ్మగారి పేరుతో పాటు ఆ చిలుక బొమ్మ కూడా పెట్టడం నాకు బాగా నచ్చింది. పచ్చళ్ళు 29వ క్లాసులోకి వస్తాయి. పొడులు కూడా అమ్మేటట్లయితే 30వది కూడా కావాలి. మన రాష్ట్రాల దరఖాస్తులు చెన్నై రిజిస్ట్రీకి చెందుతాయి, కాని ఆన్‌లైనులో వేయవచ్చు గనుక అంత దూరం వెళ్ళనక్కరలేదు. వ్యక్తులకూ చిన్న సంస్థలకూ క్లాసుకు 4,500 రూపాయలు రుసుము. వచ్చిన రిజిస్ట్రేషను పదేళ్ళు ఉంటుంది, తర్వాత పొడిగించుకోవచ్చు. సీసాల ఖరీదు ముందు ఇది ఏపాటి? మొదటి అమ్మకం బిల్లు నుంచి అన్నీ దాచు, దయచేసి.

మీ చెల్లెలి సంబంధం సంగతి కూడా అడగాలనుకున్నాను, అదేమయిందంటే... లాయరుగారి దగ్గరికి బయలుదేరాలని పిన్ని బిల్లుల సంచితో గుమ్మంలో నిలబడి పిలుస్తోంది. లేబులు నమూనా ఈరోజే పంపు, ఆయనకు చూపిస్తాను.

నీ
మూడో బెంచీ మిత్రుడు