మూత్రం ఆగని ముసలి కుక్కలను కాలువ గట్టున వదలకండి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారములు. గత నెలలో ఒకరోజు తెల్లవారుజామున విజయవాడలో ఏలూరు కాలువ గట్టు మీద నడుస్తుండగా, వేపచెట్టు మొదట్లో నైలాన్ తాడుతో కట్టేసి ఉన్న ఒక ముసలి పొమేరియన్ కుక్క కనిపించింది. దాని నడుముకు చంటిపిల్లల డైపర్ చుట్టి ఉంది. అది మూత్రం పీల్చి పీల్చి గుమ్మడికాయలా ఉబ్బి నేలకు వేలాడుతోంది. విప్పి చూస్తే తొడల లోపలి చర్మమంతా ఎర్రగా ఒరుసుకుపోయి, అక్కడక్కడ చీము పట్టి ఉంది. అయితే నన్ను ఎక్కువగా కలచివేసింది వేరొకటి. తోక బయటికి రావడానికి డైపర్‌కు చేసిన రంధ్రాన్ని ఎవరో కత్తెరతో గుండ్రంగా, ఓపికగా కత్తిరించి, అంచు గుచ్చుకోకుండా చుట్టూ తెల్ల ప్లాస్టర్ అంటించారు. అంత శ్రద్ధగా ఆ పని చేసిన చేతులే కొన్నాళ్లకు దాన్ని తెచ్చి చెట్టుకు కట్టాయి. వాళ్లు దయలేనివాళ్లని నేను అనుకోవడం లేదు. డైపర్ కట్టిన తర్వాత చేయవలసినదేమిటో వాళ్లకు చెప్పినవారు లేరు. అందుకే ఈ లేఖ.

మా ఇంట్లో రాణి అనే లాబ్రడార్ నాలుగేళ్లుగా ఈ ఇబ్బందితోనే బతుకుతోంది. దానికిప్పుడు పన్నెండేళ్లు. ఒకరోజు ఉదయం అది పడుకున్న బొంత మీద పళ్లెమంత తడి కనిపించినప్పుడు, నేను కూడా అందరిలాగే దాన్ని గట్టిగా కసిరాను. చెవులు వాల్చి, మంచం కిందికి దూరి, సాయంత్రం దాకా అది బయటికి రాలేదు. నిద్రలో తనకు తెలియకుండా కారిపోయినదానికి ఆ మూగజీవి శిక్ష అనుభవించిందని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. మొదట చూపించిన ఒక క్లినిక్‌లో వయసైపోయింది, ఇంతేనమ్మా అని పంపించేశారు. వేరొక పశువైద్యులు మాత్రం మూత్రం పరీక్ష, రక్తపరీక్ష చేయించి, అసలు కారణం వివరించారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన ఆడకుక్కల్లో, ముఖ్యంగా పెద్ద జాతుల్లో, ఈస్ట్రోజన్ అనే హార్మోన్ తగ్గడం వల్ల మూత్రద్వారాన్ని బిగించి ఉంచే కండరం కొన్నేళ్లకు సడలిపోవచ్చునట. మెలకువగా ఉన్నప్పుడు శుభ్రంగా బయటికి వెళ్లి పోసుకునే కుక్క, ఒళ్లు తెలియక నిద్రపోయినప్పుడు మాత్రం పక్క తడిపేయడం దీని గుర్తు. దీనికి ఫినైల్‌ప్రొపనాలమైన్, ఈస్ట్రియాల్ వంటి మందులున్నాయి. చాలా కుక్కలకు వీటితో మంచి గుణం కనిపిస్తుంది. అయితే మొదటి మందు రక్తపోటును పెంచగలదు కాబట్టి, గుండెజబ్బు ఉన్న కుక్కకు వైద్యుడి సలహా లేకుండా వేయకూడదు. (ఈ సందర్భాన్ని చూపి ఆపరేషన్లే వద్దనడం సరికాదు. గర్భాశయంలో చీముపట్టి ప్రాణం మీదికి వచ్చే జబ్బు నుంచి కుక్కను కాపాడేది ఆ ఆపరేషనే.)

ఇంటిని తడిపే ప్రతి కుక్కదీ ఇదే జబ్బు అనుకోవడానికి వీల్లేదు. మూత్రాశయంలో ఇన్‌ఫెక్షన్ గాని రాళ్లు గాని ఉంటే, మాటిమాటికీ కొద్దికొద్దిగా, కష్టపడుతూ పోస్తుంది. మధుమేహం, మూత్రపిండాల జబ్బు ఉన్న కుక్క గిన్నెల కొద్దీ నీళ్లు తాగి అంతకంత పోస్తుంది. స్టెరాయిడ్ మందులు వాడుతున్నా అంతే. ముసలితనంలో మతి తప్పిన కుక్కకు గుమ్మం ఎటో గుర్తుండదు. పుట్టినప్పటి నుంచీ నిత్యం చుక్కలు కారుతున్న కూనకు మూత్రనాళం తప్పుచోట కలిసి ఉండవచ్చు. ఇవేవీ పరీక్ష చేయించకుండా డైపర్ చుట్టేస్తే, జబ్బును గుడ్డ కింద దాచినట్టే అవుతుంది. గట్టున దొరికిన ఆ పొమేరియన్‌కు ఎక్స్‌రే తీస్తే మూత్రాశయంలో రాళ్లు బయటపడ్డాయి. ఆపరేషన్ చేసి తీసేశారు. ఇప్పుడు దానికి డైపర్ అవసరమే లేదు.

మరొక పొరపాటు కూడా చాలా ఇళ్లలో చూస్తున్నాను. కుక్క ఇల్లు పాడుచేస్తోందని నీళ్ల గిన్నె తీసి అటక మీద పెడుతున్నారు. మన ఎండలకు ఇది ప్రాణాంతకం. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి చర్మాన్ని ఇంకా మండిస్తుంది, మూత్రపిండాల జబ్బుంటే అది ఇంకా ముదురుతుంది. నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచి, రాత్రి పడుకునే ముందు, తెల్లవారగానే, మధ్యలో ఒకటి రెండుసార్లు ఎక్కువగా బయటికి తిప్పడమే మార్గం.

ఇక డైపర్ సంగతి. ఆడకుక్కకు తోక రంధ్రం ఉన్న డైపర్ కావాలి. మగకుక్కకు మూత్రం మాత్రమే కారుతుంటే, పొట్ట చుట్టూ కట్టే వెడల్పాటి పట్టీ చాలు. లోపల ఒక ప్యాడ్ పెట్టి, మూత్రం వచ్చే భాగం పూర్తిగా కప్పేలా కట్టి, బయటికి తీసుకెళ్లేటప్పుడు విప్పేయాలి. కొలత తీసుకోవలసింది వెనుక కాళ్లకు కాస్త ముందు, నడుము చుట్టూ. కట్టిన తర్వాత రెండు వేళ్లు సులువుగా దూరాలి. అంతకన్నా బిగిస్తే ఒరుసుకుంటుంది, వదులైతే పక్కల నుంచి కారుతుంది. పిల్లల డైపర్ వాడాలనుకునేవారు తోక రంధ్రాన్ని చిన్నగానే కత్తిరించి, అంచుకు తప్పనిసరిగా ప్లాస్టర్ వేయాలి. వేయకపోతే లోపలి గుజ్జు, దానితోపాటు నీటిని పీల్చే గింజలు ఇల్లంతా రాలతాయి. రాణి డైపర్‌ను పళ్లతో లాగేస్తుంటే, మా మనవడి పాత చెడ్డీని వెనకది ముందుకు తిప్పి, ముందున్న చీలికలోంచి తోక బయటికి వచ్చేలా డైపర్ పైన తొడిగాను. ఆ రోజు నుంచి డైపర్ కదలలేదు. మొదటి రెండు మూడు రోజులు ఖాళీ డైపర్‌నే ఐదు నిమిషాలు తొడిగి, ఉడికించిన కోడిమాంసం ముక్క ఒకటి పెట్టి తీసేస్తూ అలవాటు చేయడం మంచిది. పక్క మీద చంటిపిల్లల కింద వేసే రబ్బరు షీటు వేసి, దానిపైన పాత నూలుచీర మడత పరిస్తే, ఉతుక్కోవడం కూడా తేలిక.

అన్నిటికన్నా ముఖ్యమైనది మార్చడం. మూడు నాలుగు గంటలకొకసారి చూడాలి. తడిసిన మరుక్షణమే తీయాలి. మలం అంటితే ఒక్క నిమిషం కూడా ఉంచకూడదు, ఎందుకంటే మలంలోని క్రిములు మూత్రద్వారంలోకి చేరి ఇన్‌ఫెక్షన్ తెస్తాయి. తీసిన ప్రతిసారీ గోరువెచ్చని నీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది, పూర్తిగా ఆరిన తర్వాతే కొత్తది కట్టాలి. ఆ చోట జుట్టు కత్తిరించి ఉంచితే సగం బాధ తప్పుతుంది. మే నెలలో విజయవాడలో ఉక్క ఎలా ఉంటుందో తెలిసినవారికి, ప్లాస్టిక్ పొర కింద చర్మం ఎలా ఉడికిపోతుందో చెప్పనక్కర్లేదు. అందుకే రాణికి పగలు మేము మెలకువగా ఉన్నంతసేపూ డైపర్ కట్టం, నిద్రపోయేటప్పుడే కడతాం. పిల్లలకు పూసే చాలా డైపర్ క్రీముల్లో జింక్ ఆక్సైడ్ ఉంటుంది. కుక్క దాన్ని నాకితే రక్తకణాలు దెబ్బతినే ప్రమాదముంది. ఘాటైన క్రిమిసంహారక ద్రావణాలూ, సువాసన పౌడర్లూ వద్దు. చర్మం ఎర్రబడితే ఏది పూయాలో వైద్యుణ్నే అడగాలి.

డైపర్‌ను కొరికి తినే అలవాటున్న కుక్కను దానితో ఒంటరిగా వదలకూడదు. లోపలి గింజలు పొట్టలో ఉబ్బి పేగుకు అడ్డుపడవచ్చు. బండి గుద్దుకుని నడుము పడిపోయిన కుక్కల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వాటి మూత్రాశయం నిండిపోయి, పట్టలేక చుక్కలుగా పొర్లుతుంటుంది. డైపర్ తడుస్తోంది కదా, పోస్తూనే ఉంది అని ఇంట్లోవాళ్లు భ్రమపడతారు. అలాంటి కుక్కకు రోజుకు మూడు నాలుగుసార్లు పొత్తికడుపు మీద చేత్తో నెమ్మదిగా నొక్కి మూత్రం తీయించాలి. ఇది వైద్యుని దగ్గర, ఆయన చేతి కింద మన చెయ్యి పెట్టి నేర్చుకోవలసిన పని.

వాడిన డైపర్లను కాలువలోనో, వీధి మూలనో విసరడం ఎంతమాత్రం తగదు. డైపర్లను విడిగా చుట్టి ఇవ్వాలని ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలే చెబుతున్నాయి. మలాన్ని ముందుగా మరుగుదొడ్డిలో దులిపేసి, డైపర్‌ను వార్తాపత్రికలో గట్టిగా చుట్టి, పైన ఎర్ర సిరాతో ఒక గుర్తు పెట్టి, చెత్త బండికి ఇవ్వాలి. మన వీధిలో ఆ చెత్తను ఏరేది కార్మికుల చేతులేనని మరవకూడదు.

ఇంకొక మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు నీళ్లు సింగ్‌నగర్ ఇళ్లలోకి వచ్చినప్పుడు, మెడలోతు నీళ్లలో కుక్కపిల్లలను భుజాల మీద, తలల మీద మోసుకొచ్చినవారిది ఈ ఊరే. ఆ ఊళ్లోనే, పక్క తడిపిందని పదేళ్ల నేస్తాన్ని రాత్రిపూట బండెక్కించి గట్టున దింపడం నా మనసుకు మింగుడుపడటం లేదు. పెంచుకున్న జంతువును ఆకలిదప్పులతో బాధపడేలా వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరమని ఎంతమందికి తెలుసో నాకు సందేహమే. వాసన వస్తోందని, కుక్కను ఖాళీ చేయించమని ఒత్తిడి చేసే అపార్ట్‌మెంట్ సంఘాలు కూడా ఒక్క క్షణం ఆలోచించాలి. పైన చెప్పినట్టు శుభ్రంగా చూసుకుంటే వాసన ఉండదు. మా పై అంతస్తువాళ్లకు రాణి డైపర్ కట్టుకుంటుందని రెండేళ్ల దాకా తెలియనే తెలియదు.

మీ పత్రిక వారానికొకసారి వేసే ఆరోగ్య పేజీలో పెంపుడు జంతువులకు కాస్త చోటిచ్చి, గన్నవరం ఎన్‌టీఆర్ పశువైద్య కళాశాల వైద్యులతో ముసలి కుక్కల సంరక్షణ గురించి రాయించవలసిందిగా కోరుతున్నాను.

చివరిగా, ఆ పొమేరియన్‌ను వేపచెట్టుకు కట్టినవారు ఈ లేఖ చదువుతున్నట్లయితే, అది క్షేమంగా మా ఇంట్లోనే ఉంది. పుండ్లు మానాయి. పెరుగన్నం తింటోంది. మీరు ఎవరో చెప్పనవసరం లేదు, మిమ్మల్ని ఎవరూ నిలదీయరు. కాని మేము ఏ పేరు పెట్టి పిలిచినా అది తల తిప్పడం లేదు. మీరు దాన్ని ఏమని పిలిచేవారో ఒక చీటీ మీద రాసి, ఈ పత్రిక కార్యాలయానికి పంపించండి.

భవదీయురాలు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
సత్యనారాయణపురం, విజయవాడ.