గొడవ చేయకపోతే జబ్బు తగ్గినట్టేనా?

ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను మానసిక వైద్య విభాగంలో నర్సుని. సైకోసిస్‌తో (లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు లాంటివి ఉండే మానసిక జబ్బు) వచ్చేవాళ్లకి జబ్బు ఎంత తీవ్రంగా ఉందో తేల్చే తీరు గురించి ఈ ఉత్తరం. అరిచినా, కొట్టడానికి వచ్చినా ‘ఎక్కువగా ఉంది’ అని రాస్తున్నాం. నోరు మెదపకుండా కూర్చుంటే ‘తగ్గింది’ అంటున్నాం.

ఈమధ్య డిశ్చార్జి అయిన ఒకతన్నే చూడండి. చెవిలో మాటలు ఆగిపోయాయి, అనుమానాలు పోయాయి. కేస్ షీటులో ‘మెరుగు’ అని పడింది. అతను మాత్రం ఎప్పుడూ గోడవైపు తిరిగి పడుకునే ఉండేవాడు. పలకరిస్తే ఒక్క ముక్కలో జవాబు. స్నానానికి వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని లేపాలి. ఇవీ జబ్బు లక్షణాలే. ఉద్యోగం, సంసారం నిలబడనివ్వనివి చాలాసార్లు ఇవే. మందుల వల్ల ఒళ్లు బిగుసుకుపోయినా మనిషి ఇలాగే కనిపిస్తాడు. ఏది ఏదో చూసి తేల్చాలి కదా!

కొలిచే సాధనాలు కొత్తవేం కావు. ఈ లక్షణాల తీవ్రతను కొలవడానికి 1987లో వచ్చిన పాన్స్ స్కేలులో 30 అంశాలున్నాయి, ఒక్కోదానికి 1 నుంచి 7 దాకా మార్కులు. మార్కు పెరిగితే లక్షణం ఎక్కువన్నట్టు. మనుషులకు దూరంగా ఉండిపోవడం అనే అంశానికి ఇంటివాళ్లనో వార్డు సిబ్బందినో అడిగే మార్కు వేయాలి. ఓపీలో అందరికీ 30 అంశాలూ చూడటం కుదరదని నాకూ తెలుసు. ఆరు అంశాల పాన్స్-6 ఉంది. భ్రమలు, లేని మాటలు వినిపించడం, ఆలోచన చెదరడం ఒకపక్క. ముఖంలో భావం లేకపోవడం, ఎవరితో కలవకపోవడం, మాట పెగలకపోవడం ఇంకోపక్క.

చేర్చుకున్నప్పుడు, డిశ్చార్జికి ముందు, తర్వాత చూపించుకోవడానికి వచ్చినప్పుడల్లా ఈ ఆరింటి మార్కులూ విడివిడిగా రాయాలని ఉత్తర్వు ఇవ్వండి. మొత్తం ఒక్కటే రాస్తే కథ మళ్లీ మొదటికే. డాక్టర్లకు, మాకు శిక్షణ ఇప్పించండి. లేకపోతే ఒకరు 3 వేసినచోట ఇంకొకరు 5 వేస్తారు. తోడొచ్చినవాళ్లతో విడిగా మాట్లాడే టైమ్ కూడా ఓపీ వేళల్లోనే కేటాయించాలి.

మీ దగ్గరకొచ్చే నివేదికల్లో శాతాల విషయంలో కాస్త జాగ్రత్త. పాన్స్ సున్నాతో మొదలవదు, ఏ లక్షణమూ లేని మనిషికీ 30 వస్తుంది. ఆ 30 తీసేసి లెక్కేయాలి కాబట్టి 90 నుంచి 60కి దిగితే తగ్గింది మూడోవంతు కాదు, సగం. ఈ లెక్క తప్పితే పనిచేస్తున్న మందునే మార్చేసే ప్రమాదం ఉంది.

ఈ మార్కుల్ని బెడ్లు ఖాళీ చేయించడానికి కటాఫ్‌గా మాత్రం పెట్టకండి. చనిపోవాలన్న ఆలోచన ఉందా అనే అంశం ఆ ఆరింటిలో లేదు, 30లోనూ లేదు. దాన్ని ప్రతిసారీ విడిగా అడిగి, విడిగా రాయాల్సిందే.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు