మళ్లీ గోల్ ముందు నిలబడ్డాను: అందరికీ కృతజ్ఞతలు

నేను ఫుట్‌బాల్ గోల్‌కీపర్‌ని. మోకాలి గాయం తర్వాత, మొన్న ఆదివారం, పదకొండు నెలలకు పూర్తి తొంభై నిమిషాలు ఆడాను. మ్యాచ్ 2-2తో డ్రా అయింది. ఇరవయ్యో నిమిషంలో ఎడమవైపు నేలను రాసుకుంటూ ఒక బంతి వచ్చింది. దాన్ని అందుకోవాలంటే ఆపరేషన్ అయిన ఎడమ కాలితోనే నేలను తన్ని దూకాలి. ఆలోచించే వ్యవధి లేదు, దూకేశాను. వేళ్ల కొసలకు తగిలి బంతి పోస్టు పక్కనుంచి బయటికి పోయింది. లేచి మోకాలు తడుముకున్నాను. ఏమీ కాలేదు. కార్నర్ కిక్‌కు సిద్ధంగా ఉండమని మా డిఫెండర్లకు కేక వేయబోతే గొంతు పెగల్లేదు. ఆ క్షణంలో మనసులో మెదిలినవాళ్లందరి కోసమే ఇది రాస్తున్నాను.

నా గురించి తెలియనివాళ్లకు రెండు మాటలు. సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగాను. పంతొమ్మిదేళ్లకు కోల్‌కతా వెళ్లాను. అక్కడ మొదటి మూడేళ్లలో ఆడింది నాలుగు మ్యాచ్‌లు, మిగతాదంతా బెంచీ మీదే. జట్టులో ఫార్వర్డ్‌లు, మిడ్‌ఫీల్డర్లు మ్యాచ్‌కు నలుగురైదుగురు మారతారు. గోల్‌కీపర్ చోటు మాత్రం ఒక్కటే. ముందున్నవాడికి దెబ్బ తగలాలి, లేదా వాడు తప్పు చేయాలి, అప్పుడుగానీ మన వంతు రాదు. అలా కోరుకోకూడదని మనసుకు చెప్పుకుంటూనే రోజూ వాడితో కలిసి సాధన చేయాలి. నాలుగో ఏడాది నా వంతు వచ్చింది. ఆ సీజన్ బాగా ఆడాను. తర్వాతి సీజన్ ఆఖరి మ్యాచ్‌లో, వానలో, చేతుల్లోకి వచ్చిన బంతిని జారవిడిచాను. మా జట్టు కింది డివిజన్‌కు పడిపోయింది. నన్ను వదిలేశారు. ఆ తర్వాత గోవా, మళ్లీ కోల్‌కతా, మళ్లీ ఇంటికి. ఎక్కడా రెండేళ్లకు మించిన కాంట్రాక్టు లేదు.

గత ఏడాది ఆగస్టులో పక్క నుంచి గోల్ ముందుకు వచ్చిన ఒక క్రాస్ బంతి కోసం గాల్లోకి లేచి దిగేటప్పుడు ఎడమ పాదం బురదలో దిగబడింది. ఒళ్లు తిరిగింది, పాదం తిరగలేదు. మోకాలి లోపల టప్పుమన్న చప్పుడు నాకే వినిపించింది. మోకాలి ఎముకలను కలిపి ఉంచే ముందువైపు లిగమెంటు (ఏసీఎల్) పూర్తిగా తెగిందని స్కాన్‌లో తేలింది. నాకు ముప్ఫై ఒక్కేళ్లు. అప్పుడు నేనున్న క్లబ్‌తో ఒప్పందం ఆ నెలాఖరుకే ముగిసింది. వైద్య ఖర్చు ఎవరు భరించాలన్న మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు. సంతకం పెట్టేటప్పుడు నేనూ అడగలేదు. ఈ పోస్టు చదివే కుర్ర ఆటగాళ్లను వేడుకుంటున్నాను: ఆ వాక్యం ఉందో లేదో చూసుకున్నాకే సంతకం పెట్టండి.

నా చిన్ననాటి కోచ్ గారు నాకు చెప్పకుండానే నా పరిస్థితిని నలుగురికీ తెలియజేశారు. తెలిశాక నేను ఆయన మీద కోప్పడ్డాను. చేయి చాచడం నా వల్ల కాదన్నాను. "చేయి చాచడం కాదురా, ఇన్నాళ్లూ నువ్వు చేతులు చాచి నిలబడ్డావు కదా, ఇప్పుడు మా వంతు" అన్నారాయన. పదహారు రోజుల్లో 412 మంది నుంచి 3,64,200 రూపాయలు వచ్చాయి. అందులో నాతో కలిసి ఆడినవాళ్లున్నారు, నా మీద గోల్స్ కొట్టినవాళ్లున్నారు. దుబాయి నుంచి, డల్లాస్ నుంచి తెలుగువాళ్లు పంపారు. నేను బంతి జారవిడిచిన ఆ మ్యాచ్‌ను స్టాండ్‌లో కూర్చుని చూశానంటూ కోల్‌కతా నుంచి ఒక పెద్దాయన వెయ్యి రూపాయలు పంపి, "ఆ రోజు నిన్ను తిట్టాను బాబూ, మనసులో పెట్టుకోకు" అని రాశారు. ఆ సందేశాన్ని అమ్మకు తెలుగులో చదివి వినిపించాను. ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేకపోయాం.

అయ్యా, మీరిది చదువుతుంటే, నా మనసులో ఏమీ లేదు. మీకు నా నమస్కారం.

ఆపరేషన్ అయిన నాలుగో రోజు ఇక ఆడనని తేల్చి చెప్పేశాను. కోచ్ గారు వాదించలేదు. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, ఫోనులో నాకు రెండు మ్యాచ్‌ల ఆఖరి ఘట్టాలు చూపించారు. మొదటిది 2015 డిసెంబరు 20న మడ్గావ్‌లోని ఫతోర్డా స్టేడియంలో జరిగిన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫైనల్. సొంత మైదానంలో ఎఫ్‌సీ గోవా 2-1 ఆధిక్యంలో ఉంది. మ్యాచ్ ముగియడానికి నిమిషాలే మిగిలాయి. గోల్‌లో ఉన్నది లక్ష్మీకాంత్ కట్టిమణి, గోవా కుర్రవాడే. తొంభయ్యో నిమిషంలో ఆయన పేరు మీద సెల్ఫ్ గోల్ నమోదైంది. ఇంకాసేపటికి ప్రత్యర్థి జట్టు చెన్నైయిన్ తరఫున మెండోజా కొట్టిన గోల్‌తో కప్పు చేజారింది. స్కోరు 3-2. ఫార్వర్డ్ పది అవకాశాలు పోగొట్టుకున్నా ఒక్క గోల్‌తో అందరూ మరిచిపోతారు. కీపర్ తప్పు మాత్రం నేరుగా స్కోరుబోర్డు మీదికే ఎక్కుతుంది. ఆ గోల్ చూస్తుంటే నా కడుపులో తిప్పేసింది.

రెండోది 2022 మార్చి 20. అదే ఫతోర్డా, అదే ఐఎస్ఎల్ ఫైనల్, అదే కట్టిమణి. ఈసారి ఒంటి మీద మన హైదరాబాద్ ఎఫ్‌సీ జెర్సీ. కేరళ బ్లాస్టర్స్‌తో 1-1 అయ్యాక పెనాల్టీ షూటౌట్. కేరళ ఆటగాడు లెస్కోవిచ్ కొట్టిన కిక్‌ను కట్టిమణి ఆపాడు. నిషు కుమార్ కొట్టిన కిక్‌నూ ఆపాడు, కానీ కిక్ కంటే ముందే గోల్ గీత దాటి వచ్చాడని రిఫరీ మళ్లీ కొట్టించాడు. కీపర్‌కు అంతకంటే గుండె జారే ఘడియ ఉండదు. ఆపిన బంతిని మళ్లీ ఆపాలి. ఆపాడు. తర్వాత జీక్సన్ సింగ్ కిక్ కూడా ఆపాడు. షూటౌట్‌లో 3-1తో హైదరాబాద్‌కు తొలి ఐఎస్ఎల్ కప్పు. కోచ్ గారు నిషు కుమార్ రెండో కిక్‌ను వెనక్కి తిప్పి మూడుసార్లు చూపించారు. "మధ్యలో ఆరేళ్లు అతను ఏం చేశాడు?" అని అడిగారు. నేను మాట్లాడలేదు. "రోజూ గ్లవ్స్ వేసుకున్నాడు" అని చెప్పి ఫోను జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు.

మా కోచ్ గారికి పీటర్ తంగరాజ్ పేరు తలవందే పాఠం మొదలుకాదు. హైదరాబాద్‌లో పుట్టినవాడు, మొదట్లో సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడి తర్వాత కీపర్‌గా మారినవాడు, 1956, 1960 ఒలింపిక్స్ జట్లలో ఉన్నవాడు, అప్పటి భారత జట్టు కోచ్ రహీమ్ సాబ్ శిక్షణలో 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను ఓడించినప్పుడు మన గోల్ ముందు నిలిచినవాడు. చిన్నప్పుడు ఆ కథ విని విసుక్కునేవాణ్ణి. మంచం మీద ఉన్నప్పుడు నేనే అడిగి చెప్పించుకున్నాను.

ఇక నా ఫిజియోథెరపిస్టు మేడం. ప్రతి సోమవారం టేపుతో నా రెండు తొడల చుట్టుకొలత తీసేవారు. మొదటి సోమవారం ఎడమ తొడ కుడిదానికంటే నాలుగు సెంటీమీటర్లు తక్కువ. దర్జీ టేపులాంటి ఆ పసుపు పచ్చ టేపును చూస్తేనే భయమేసేది. వారమంతా చెమటోడిస్తే అర సెంటీమీటరు పెరిగేది, ఒక్కోసారి అదీ ఉండేది కాదు. మూడో నెలకు నొప్పి పోయింది, పరిగెత్తుతానని మారాం చేశాను. నొప్పి పోయినంత మాత్రాన లిగమెంటు అతికినట్టు కాదని, తొడ వెనక నుంచి తీసి దాని స్థానంలో అమర్చిన ఆ స్నాయువు (టెండన్) ఇంకా పచ్చిగానే ఉంటుందని, ఇప్పుడు తొందరపడితే మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కాల్సిందేనని గట్టిగా మందలించారు. మేడం, ఆ రోజు మీ మీద విసుక్కుని గది తలుపు గట్టిగా వేసి వెళ్లాను. క్షమించండి. ఎనిమిదో నెలలో రెండు తొడలూ సమానమయ్యాయని మీరు ఆ టేపు నా చేతికే ఇచ్చారు. అది నా కిట్ బ్యాగులో ఉంది.

మా వీధి చివర కిరాణా కొట్టు అన్న ఎనిమిది నెలలు పద్దు రాసుకున్నాడే తప్ప ఒక్కసారీ అడగలేదు. బొల్లారం మైదానంలో పొద్దున్నే సాధన చేసే పిల్లలు తొమ్మిదో నెలలో నాకు బంతులు విసిరారు. మొదట పరుపు మీద, తర్వాత గడ్డి మీద, చివరికి మట్టి మీద. ఎడమవైపు దూకడానికి నేను జంకుతున్నానని పసిగట్టి, పన్నెండేళ్ల పిల్లవాడొకడు బంతులన్నీ అటువైపే వేశాడు. నాన్నా, నువ్వు ఏ జట్టుకు ఆడినా ఆ మ్యాచ్‌కు వస్తాను.

అమ్మకు ఇక్కడ కృతజ్ఞత రాస్తే కోప్పడుతుంది. అందుకని రాయడం లేదు.

ఇచ్చినవాళ్లకు లెక్క చెప్పడం నా బాధ్యత. ఆపరేషన్, ఆసుపత్రి ఖర్చు 2,35,000. ఫిజియోథెరపీ, మోకాలి పట్టీ, మందులు 78,000. మిగిలినవి 51,200 రూపాయలు. రసీదులన్నీ కోచ్ గారి దగ్గర ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు. మిగిలిన సొమ్ము కూడా ఆయనకే అప్పగించాను. మైదానానికి వచ్చే పిల్లల్లో గోల్ ముందు నిలబడేవాళ్లు పదకొండు మంది, అందులో నలుగురు ఆడపిల్లలు. ఇన్నాళ్లూ రెండు జతల గ్లవ్స్‌నే అందరూ మార్చుకుని వేసుకుంటున్నారు. ఇప్పుడు ఎవరి జత వాళ్లకు వచ్చింది. గోరువెచ్చని నీళ్లలో ఉతికి నీడలో ఆరబెట్టాలనీ, ఎండలో వేస్తే అరచేతి పొర పెళుసైపోతుందనీ నేర్పించాను.

చివరగా ఒక మాట. నేను వాడిన ఊతకర్రలు, మోకాలి పట్టీ శుభ్రం చేసి ఇంట్లో ఉంచాను. పట్టీ ఎడమ కాలికి సరిపోతుంది, ఊతకర్రల ఎత్తు మార్చుకోవచ్చు. ఏ ఆటగాడికైనా, ఏ ఆటగత్తెకైనా అవసరమైతే ఒక సందేశం పెట్టండి. జంట నగరాల్లో ఎక్కడున్నా నేనే తెచ్చి ఇస్తాను.