ప్రశ్నావళి పంపేముందు కౌన్సెలర్లను సిద్ధం చేయండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. విద్యార్థుల్లో ఈటింగ్ డిజార్డర్లను (తిండికి, బరువుకు సంబంధించిన మానసిక రుగ్మతలను) తొలిదశలోనే గుర్తించడానికి విశ్వవిద్యాలయాలు ఆన్‌లైన్ స్క్రీనింగ్, అంటే ప్రశ్నావళితో ముందస్తు పరీక్ష, చేపట్టాలంటూ మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. విద్యార్థుల కౌన్సెలర్‌గా పనిచేస్తున్న నేను ఆ సూచనను మనసారా సమర్థిస్తున్నాను. అయితే జవాబులు వచ్చిన తర్వాత ఏం చేయాలన్నది ఆ వ్యాసం చెప్పలేదు. నా ఆందోళనంతా దాని గురించే.

ఈ రుగ్మతలు ఎక్కువగా మొదలయ్యేది కౌమారంలో, ఇరవైల తొలినాళ్లలో. సరిగ్గా అప్పుడే పిల్లలు ఇల్లు వదిలి హాస్టళ్లకు వస్తారు. ఎవరు తిన్నారో, ఎవరు పళ్లెం ముందు కూర్చుని లేచిపోయారో అక్కడ పట్టించుకునేవారు ఉండరు. పైగా బరువు తగ్గితే స్నేహితులు మెచ్చుకుంటారు! అతిగా తిని, ఆపై వాంతి చేసుకోవడం వంటి పనులతో దాన్ని వదిలించుకునే బులిమియా ఉన్నవారి బరువు చాలాసార్లు మామూలుగానే ఉంటుంది కాబట్టి చూసి పోల్చుకోవడం కష్టం. మానసిక రుగ్మతల్లో అత్యధిక మరణాలకు దారితీసే వాటిలో, బరువు పెరుగుతామన్న భయంతో తిండి బాగా తగ్గించేసే అనొరెక్సియా ఒకటి. బులిమియాలో రక్తంలోని పొటాషియం పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ఇంత తీవ్రమైన జబ్బును విద్యార్థులు సిగ్గుతో, భయంతో ఏళ్ల తరబడి దాచుకుంటారు. మనిషి ఎదుట నోరు విప్పలేనివారు ఒంటరిగా ఫోను ముందు కూర్చున్నప్పుడు నిజం చెప్పే అవకాశం ఎక్కువ. ఆన్‌లైన్ ప్రశ్నావళిని నేను సమర్థించేది అందుకే.

ప్రశ్నావళులు కొత్తగా తయారుచేయనవసరం లేదు. లండన్ వైద్యులు 1999లో ప్రచురించిన స్కాఫ్ అనే ప్రశ్నావళిలో ఐదే ప్రశ్నలుంటాయి. రెండింటికి ‘అవును’ అని వస్తే అనుమానించాలి. 1982 నాటి ఈట్-26 అనే మరో ప్రశ్నావళిలో ఇరవై ఆరు ప్రశ్నలు, ఇరవై లేదా అంతకు మించి మార్కులు వస్తే నిపుణులను కలవమంటారు. అయితే ఇవి అనుమానాన్ని మాత్రమే చెప్పగలవు. ఉదాహరణకు వెయ్యి మంది విద్యార్థుల్లో యాభై మందికి జబ్బు ఉందనుకుందాం. ప్రశ్నావళి ఆ యాభై మందిలో నలభై మందిని పట్టుకుని, జబ్బు లేనివారిలో పది శాతాన్ని పొరపాటున అనుమానించిందనుకుందాం. అప్పుడు జాబితాలో 135 మంది ఉంటారు, వారిలో 95 మందికి ఏ జబ్బూ ఉండదు. వారికి తెరమీద ‘మీకు ఈటింగ్ డిజార్డర్ ఉంది’ అని కనిపిస్తే ఎంత హడలిపోతారు! అంతకన్నా నన్ను కలవరపెట్టేది జబ్బు ఉండీ ప్రశ్నావళికి దొరకని మిగిలిన పది మంది. ‘మీకు ఏ సమస్యా లేదు’ అన్న మాట చదివి వారు మళ్లీ ఎవరినీ అడగకపోవచ్చు. పైగా ఈ ప్రశ్నల్లో చాలావరకు సన్నబడాలన్న తపనను వెదికేవే. కండలు పెంచాలన్న ధ్యాసలో ఆహారంతో నిత్యం యుద్ధం చేసే అబ్బాయిలు వీటికి సులువుగా దొరకరు.

లక్షణాలు బయటపడనివారికి ఇలాంటి స్క్రీనింగ్ చేస్తే లాభనష్టాలు ఎంతెంతో తేల్చడానికి తగినన్ని ఆధారాలు లేవని ఇలాంటి పరీక్షలపై సిఫార్సులు చేసే అమెరికా నిపుణుల బృందం ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ 2022లో ప్రకటించింది. స్క్రీనింగ్ వద్దనేవారు దీన్నే చూపిస్తారు. ఆధారాలు చాలవంటే పనికిరాదని అర్థం కాదు. కానీ చేపట్టేవారి బాధ్యత పెరుగుతుంది. ఏ జబ్బుకైనా స్క్రీనింగ్ మొదలుపెట్టాలంటే నిర్ధారణకు, చికిత్సకు సదుపాయాలు ఉండితీరాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1968లో ప్రచురించిన సూత్రాల్లోనే ఉంది. నలభై మందిని గుర్తించి, కౌన్సెలర్ కోసం నెలల తరబడి వేచి ఉండమనడం నా దృష్టిలో క్రూరత్వం. ధైర్యం చేసి ఒకసారి చెప్పుకున్న విద్యార్థి, జవాబు రాకపోతే రెండోసారి చెప్పుకోవడం చాలా అరుదు.

కౌన్సెలర్లు తక్కువగా ఉన్నచోట కూడా దారి ఉంది. అమెరికాలోని 27 విశ్వవిద్యాలయాల్లో జరిగిన అధ్యయనం 2020లో వెలువడింది. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీని (ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే మానసిక చికిత్సను) శిక్షకుల తోడ్పాటుతో ఫోనులో అందించినప్పుడు, మామూలు పద్ధతిలో వైద్యసేవలకు పంపిన విద్యార్థినులకన్నా ఈ చికిత్స పొందినవారిలో లక్షణాలు ఎక్కువగా తగ్గాయి, సాయం అందుకోవడం మొదలుపెట్టినవారూ ఎక్కువే. అక్కడ తెర వెనుక మనుషులున్నారని గమనించాలి. ఆ దేశంలోనే నేషనల్ ఈటింగ్ డిజార్డర్స్ అసోసియేషన్ తన చాట్‌బాట్‌ను 2023లో తొలగించాల్సి వచ్చింది. సాయం కోరినవారికి అది బరువు తగ్గే సలహాలు ఇచ్చిందన్న ఫిర్యాదులే కారణం. ఇక కళ్లు తిరిగి పడిపోతున్నవారిని, గుండెదడ ఉన్నవారిని, వేగంగా బరువు కోల్పోతున్నవారిని యాప్‌కు అప్పగించకూడదు. వారిని ముందు వైద్యుడికి చూపించాలి.

గోప్యత గురించి కూడా చెప్పాలి. జవాబులు శాఖాధిపతికో, హాస్టల్ వార్డెన్‌కో, తల్లిదండ్రులకో చేరతాయన్న అనుమానం వస్తే ఏ విద్యార్థీ నిజం రాయరు. ప్రాణాపాయం ఉన్నప్పుడు మాత్రం ఎవరికి చెబుతారో మొదటి పేజీలోనే స్పష్టంగా రాయాలి. ఆ సమాచారం ప్రకటనల సంస్థలకు ఏ రూపంలోనూ అందకూడదు. అనొరెక్సియాతో బాధపడే అమ్మాయి ఫోనులో బరువు తగ్గించే మందుల ప్రకటనలు వరుసకట్టడం ఊహించడానికే భయంగా ఉంది.

స్క్రీనింగ్ మొదలుపెట్టే ప్రతి విశ్వవిద్యాలయమూ తమ దగ్గర ఎంతమంది కౌన్సెలర్లున్నారో, సమస్య ఉందని తేలిన విద్యార్థితో ఎన్ని రోజుల్లో మాట్లాడగలరో ముందుగా ప్రకటించాలి. వారం లోపు వీలుకాదంటే, అందరికీ ఒకేసారి పంపకుండా ఒక్క హాస్టల్‌తోనో, మొదటి సంవత్సరం విద్యార్థులతోనో ప్రారంభించాలి. మీ విలేకరులు విశ్వవిద్యాలయాల అధికారులను ఈ రెండు ప్రశ్నలూ అడిగి, వారిచ్చే జవాబులను మీ పత్రికలో ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విద్యార్థి కౌన్సెలర్