ఎర్ర గద్ద కథ సగంతో ఆపకండి: రక్షణ శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రక్షణ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

2020 జూన్‌లో గల్వాన్‌లో కల్నల్ సంతోష్ బాబు అమరుడైన రోజు సూర్యాపేటతో పాటు తెలుగు నేలంతా కన్నీరు పెట్టింది. ఆయన నడిపిన 16 బిహార్ పేరు అందరికీ తెలిసింది. కానీ ఆ బెటాలియన్ ఏ డివిజన్ (వేలమంది సైనికులుండే పెద్ద సేనా విభాగం) కింద ఉందో, ఆ డివిజన్‌ను త్రిశూల్ అని ఎందుకు పిలుస్తారో, 1962లో ఏ అవసరం కొద్దీ లద్దాఖ్‌లో దాన్ని నిలబెట్టారో తెలుసుకుందామంటే తెలుగులో చదవడానికి ఏమీ దొరకదు. మన సికింద్రాబాద్‌లోని 54వ డివిజన్ సంగతీ అంతే. దాని పేరు బైసన్, గుర్తు అడవిదున్న. 1971 డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధంలో బసంతర్ నది దగ్గర అరుణ్ ఖేతర్‌పాల్, హోషియార్ సింగ్ పరమవీర చక్రాలు సాధించింది ఈ డివిజన్ పోరులోనే.

ఈ పేర్లు అలంకారం కోసం పెట్టినవి కావు. వాహనం మీద నంబరు రాస్తే ఏ డివిజన్ వచ్చిందో శత్రువుకు తెలిసిపోతుంది. బొమ్మ వేస్తే మనవాళ్లు మాత్రమే గుర్తుపడతారు. అలా వేసుకున్న బొమ్మలే పేర్లయ్యాయి. నల్లటి చదరం మీద ఎర్రటి గుండ్రం వేసుకున్న 5వ డివిజన్ బాల్ ఆఫ్ ఫైర్ అయింది.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది 4వ డివిజన్, రెడ్ ఈగిల్, అంటే ఎర్ర గద్ద. 1941లో ఎరిట్రియాలోని కెరెన్ కొండలు, 1944లో ఇటలీలోని మోంటే కసీనో దాని పేరును ప్రపంచానికి చాటాయి. అదే డివిజన్‌ను 1959లో అంబాలా మైదానాల నుంచి ఈశాన్య హిమాలయాలకు పంపారు. చలికి తగిన బట్టలు లేవు, సరైన రోడ్లు లేవు. 1962 నవంబరులో చైనా దాడికి అక్కడి సేలా, బొమ్డిలా దగ్గర డివిజన్ చెదిరిపోయింది. మూడేళ్లు తిరగకుండానే, 1965 సెప్టెంబరులో, పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర అదే ఎర్ర గద్ద చెరకు తోటల్లో కాచుకుని కూర్చుంది. కాలువ నీళ్లు వదిలి బురద చేసిన పొలాల్లో పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులు కూరుకుపోయాయి. అబ్దుల్ హమీద్ జీపు మీది తుపాకీతో ట్యాంకులను పేల్చి ప్రాణమిచ్చింది అక్కడే. మన సైన్యం లెక్క ప్రకారం శత్రువు పోగొట్టుకున్నవి 97 ట్యాంకులు.

అసల్ ఉత్తర్ గురించి మనం గర్వంగా చెప్పుకుంటాం. సేలా గురించి మాట్లాడం. సేలా తెలియకపోతే ఆ జవాన్లు 1965లో దేన్ని దాటుకుని వచ్చి నిలబడ్డారో ఎలా అర్థమవుతుంది? బ్లాక్ క్యాట్ పేరున్న 17వ డివిజన్ కూడా ఇలాంటిదే. 1942లో బర్మాలో జపాన్ సేనలు తరుముకొస్తుంటే సిట్టాంగ్ నది వంతెనను మనవాళ్లే పేల్చేస్తే సగానికి పైగా డివిజన్ అవతలి ఒడ్డునే చిక్కుకుపోయింది. 1945లో అదే డివిజన్ తిరిగొచ్చి మెయిక్టిలాను గెలిచింది.

1962 ఓటమిపై సైన్యాధికారులు హెండర్సన్ బ్రూక్స్, ప్రేమ్ భగత్ ఇచ్చిన నివేదిక ఇప్పటికీ రహస్యమే. 25 ఏళ్లు దాటిన రికార్డులను మామూలుగా బయటపెట్టాలని 2021లో మీ శాఖే విధానం చేసింది. దేశం రెండు ముక్కలయ్యాక కూడా భారత్, పాకిస్తాన్ ఉమ్మడి విభాగం పెట్టుకుని రెండో ప్రపంచ యుద్ధ చరిత్ర రాయించాయి. అంత కష్టకాలంలో కుదిరిన పని ఇప్పుడెందుకు కుదరదు సార్?

నా విన్నపం ఇది. ప్రతి డివిజన్‌కూ చెందిన, 25 ఏళ్లు దాటిన వార్ డైరీలన్నిటినీ (యుద్ధంలో ఏ రోజుకారోజు రాసుకున్న రికార్డులు) ఆన్‌లైన్‌లో పెట్టించండి. ఏదైనా ఆపాల్సి వస్తే, ఎందుకు ఆపారో పక్కనే రాయించండి. ఒక్కో డివిజన్‌పై వంద పేజీల చరిత్రను, ఓడిన యుద్ధాలతో సహా, తెలుగులోనూ మిగతా భాషల్లోనూ అచ్చు వేయించండి. రాసే పనిలో రిటైరైన సుబేదార్లను, హవల్దార్లను కూర్చోబెట్టండి. 1971లో పోరాడినవారికి ఇప్పుడు డెబ్బై దాటింది. పని బైసన్‌తో మొదలుపెడితే సికింద్రాబాద్‌లోనే చాలామంది దొరుకుతారు.

ఇట్లు,
సైనిక చరిత్ర చదివే ఒక తెలుగు పౌరుడు